మైదాన్ ఎక్కడ?

2024 ఏప్రిల్‌లో వచ్చిన హిందీ ‘మైదాన్’ చూశారా? అజయ్ దేవ్‌గణ్ వేసింది మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ వేషం! 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్‌కి నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం... రెండూ ఆయన చలవే. మరుసటి ఏడే కాన్సర్‌తో పోయారు, పాపం.

మా తాండూరు, వికారాబాద్ కుర్రాళ్ళు రైలెక్కి నాంపల్లిలో దిగితే ఫతే మైదాన్ నడిచిపోయేంత దూరం. 1687లో గోల్కొండని ముట్టడించిన మొగలు సేనలు విడిది చేసింది అక్కడేనంటారు. 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. చుట్టూ దుకాణాలు, లోపల క్రికెట్టు, మధ్యలో ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలు!

పెద్ద ఫుట్‌బాల్ ఇప్పుడు గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో. అంటే మనం లింగంపల్లిలోనే దిగిపోవాలన్నమాట. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగిన చోటు కదా, ఆటకీ మనకీ మధ్య పరుగుపందేల ట్రాక్ అడ్డం. 2024 సెప్టెంబరులో సిరియా మనకి మూడు గోల్స్ కొట్టింది ఇక్కడే.

రెండు స్టేడియాలకీ రహీమ్ పేరు లేదు. నన్నడిగితే, అచ్చంగా ఫుట్‌బాల్‌కే ఒకటి కట్టి ఆ పేరు పెట్టాలి. మెట్లకి నాపరాయి మా తాండూరు నుంచి నేను పంపిస్తా!