దుమ్ము మింగెటోన్ని అడిగిండ్రా?

గని కంపెనీలకు ఈ మధ్య కొత్త ముచ్చట పట్టుకుంది. పర్యావరణం గురించి, సుస్థిర అభివృద్ధి గురించి తమ ఉద్యోగులు ఏమనుకుంటున్నరో తెలుసుకుంటామని కాగితాలు పంచుతున్నయి. 'పూర్తిగా ఒప్పుకుంటాను' కాడి నుంచి 'అసలే ఒప్పుకోను' దాకా గడులుంటయి. ఏదో ఒక గడిల టిక్కు పెట్టాలె. ఆ తర్వాత వార్షిక నివేదికల రంగుల బొమ్మ వస్తది, ఉద్యోగులంతా కంపెనీ పచ్చదనం చూసి మురిసిపోతున్నరని.

అడుగుడు తప్పని నేననను. ఎవలను అడిగిండ్రన్నదే నా తగువు.

మనకు తెలిసిన సింగరేణినే చూద్దాం. 1990ల మొదట్ల అక్కడ లక్షా పదివేలకు పైన కార్మికులుండిరి. ఇప్పుడు పర్మినెంటోళ్లు నలభై వేల చుట్టూ ఉన్నరు. బొగ్గు తగ్గిందా అంటే తగ్గలే. 2023-24ల 7 కోట్ల టన్నులు తీసిండ్రు. తట్టా చెమ్మాసు పట్టుకొని టబ్బులు నింపిన ఫిల్లర్ల పనిని మిషన్లు మింగినయి. అండర్‌గ్రౌండు బాయిలు ఒక్కొక్కటే మూతపడుతుంటె ఓపెన్‌కాస్టులు నోళ్లు తెరిచినయి. ఊడ్చుడు, కడుగుడు, మోసుడు, తోలుడు కాంట్రాక్టు కిందికి పోయింది. నాడు తట్ట పట్టినోళ్లు, నేడు చీపురు పట్టెటోళ్లు ఏ వాడల నుంచి వచ్చిండ్రో ఈ పత్రిక చదివెటోళ్లకు నేను చెప్పాల్నా?

మరి ఈ కాంట్రాక్టు మనిషి ఉద్యోగి అవునా కాదా? కాగితాలు పంచేటప్పుడు ఆయన 'మావాడు' కాదు, కాంట్రాక్టరు మనిషి. చట్టం అట్ల అనలేదు. జీతమున్నా లేకున్నా, మేనేజరుకు తెలిసి గనిల పనిచేసెటోడు గనిల ఉద్యోగంల ఉన్నట్టేనని 1952 గనుల చట్టం రాసింది. ఒకవేళ కాగితం ఇచ్చిండ్రే అనుకుందాం. పంచేది సూపర్‌వైజరు, మళ్ల తీసుకునేది గాయినే అయితే, రేపు పని ఉంటదో ఊడుతదో తెలియనోడు ఏ గడిల టిక్కు పెడ్తడు?

చదువుకున్న పెద్దమనుషులు ఇంకో మాటంటరు: కార్మికునికి కడుపే ముఖ్యం, పర్యావరణం పట్టదు అని. శుద్ధ అబద్ధం. ఓపెన్‌కాస్టులు వద్దు, అండర్‌గ్రౌండు బాయిలు తవ్వమని కోల్‌బెల్టుల కార్మికులు, ఊర్లోళ్లు ఏండ్ల తరబడి మొత్తుకున్నరు. తెలంగాణ ఉద్యమం నాడు ఆ మాట మరింత గట్టిగ వినబడ్డది. అది ఉద్యోగి అభిప్రాయం కాదా? అండర్‌గ్రౌండు సుఖమైందనీ కాదు. రూఫు కూలి పోయినోళ్లు ప్రతి కాలనీల ఉన్నరు. అయినా దాన్నే అడిగిండ్రంటె, ఓపెన్‌కాస్టు ఏం చేస్తదో వాళ్లకు ఎరుక గనుక.

ఒక్క టన్ను బొగ్గు కోసం అయిదారు ఘనపు మీటర్ల మట్టిని పైకి తీయాలె. ఆ మట్టి ఎక్కడ పోస్తరు? ఊరి పక్కన గుట్టలు పోస్తరు. ఊరికి అంచున ఎవలుంటరు? వాడ. గుంతల ఊరే నీళ్లను రాత్రింబవళ్లు మోటార్లతో తోడేస్తుంటె చుట్టూ భూమిల నీళ్లు దిగిపోతయి. పైసలున్నోడు ఇంకా లోతుకు బోరేసుకుంటడు, బోరు లేనోడు ట్యాంకరు కోసం బిందె పెడ్తడు. బాంబు పేలిస్తె సిమెంటు మేడ కన్న ముందు మట్టిగోడ నెర్రె ఇస్తది. గనిల పొద్దంతా దుమ్ము మింగి వచ్చినోడు ఇంట్ల గూడ అదే దుమ్ములో అన్నం తింటడు. ఆయనకు ఉద్యోగి అభిప్రాయం వేరే, ఊరోని అభిప్రాయం వేరే ఉంటదా?

అండర్‌గ్రౌండు నష్టమని కంపెనీ లెక్క చూపిస్తది. లెక్క చూపెట్టనీ. ఆ లెక్కల ఎండిన చేద బాయి ఏ పద్దు కింద రాసిండ్రు? ఊపిరితిత్తులల్ల పేరుకున్న దుమ్ము ఏ పద్దు? మట్టిగుట్ట మీద మొక్కలు నాటుడు మంచిదే, నేను కాదనను. కని ఆ గుట్ట కింద పోయిన చెలకకు అది జవాబు కాదు.

1943 డిసెంబరుల బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్ల కార్మిక సభ్యునిగ ధన్‌బాద్ వైపు బొగ్గు గనులకు పోయిండు. ఆఫీసుల కూసొని నివేదిక తెప్పించుకోలే, గనిల దిగి చూసిండు. మరుసటి ఏడు జనవరిల బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్సు వచ్చింది. నేటి మన యూనియన్లు వేజుబోర్డు, బోనసు, లాభాల వాటా అడుగుతున్నయి. అడగాలె. దుమ్ము గురించి, కాంట్రాక్టోని మాస్కు గురించి, వాడ తాగునీళ్ల గురించి గేటు మీటింగుల మాట్లాడితె నోరు పోతదా?

సంఘం కార్యకర్తలకు ఒక మాట. కాగితం ఎవరి చేతికొచ్చినా ఒంటరిగ నింపనియ్యకుండ్రి. వాడకు తెచ్చి అందరి ముందట చదవండి, ఒక జిరాక్సు తీసి పెట్టుకోండి. అండ్ల నీళ్ల ప్రశ్న లేకుంటె, బాంబు మోత ప్రశ్న లేకుంటె, కాగితం వెనక రాసి అందరు కలిసి సంతకాలు పెట్టి ఇయ్యండి. గనుల చేత దెబ్బతిన్న ఊర్ల కోసం 2015 చట్టంతోని జిల్లా ఖనిజ నిధి అని ఒకటి పెట్టిండ్రు. మీ జిల్లాల అది ఎంత వచ్చింది, ఏ ఊరికి పోయింది, ఎస్సీ వాడల ఎంత పెట్టిండ్రు అని సమాచార హక్కు కింద దరఖాస్తు వెయ్యండి. జవాబు వచ్చినంక దాన్ని గ్రామసభల చదవాలె, రాకుంటె అప్పీలుకు పోవాలె.