నిజాంకు ఏమీ తెలియదట!

మొన్న సెప్టెంబర్ 17 సభలో ఒక వక్త మైకు అందుకుని ‘నిజాం మంచోడే, రజాకార్లే చెడగొట్టిండ్రు’ అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. ఎక్కడో కాదు, జనగామలో!

ఈ మాట మొదట అన్నది నిజామే. 1948 సెప్టెంబర్ 23న రేడియోలో, రజాకార్ల నాయకుడు రజ్వీ ముఠా తనను నిస్సహాయుణ్ని చేసిందని చెప్పుకున్నాడు. సెప్టెంబర్ 17న భారత యూనియన్ సైన్యానికి లొంగిపోయి వారమైనా తిరగలేదు. ముద్దాయి వాంగ్మూలాన్నే మనం ఇన్నేళ్లుగా తీర్పనుకుంటున్నాం.

1948 ఆగస్టు 27న ఇదే జనగామ ప్రాంతంలోని బైరాన్‌పల్లిలో బురుజు మీది నుంచి ఊరిని కాచినవాళ్లను కిందికి దించి, వరుసగా నిలబెట్టి కాల్చారు. పోరులో పోవడం వేరు, చేతికి చిక్కాక చావడం వేరు. కాల్చడానికి వచ్చింది రజాకార్లు మాత్రమేనా? సర్కారు జీతం తినే పోలీసులూ సైనికులూ వెంట ఉన్నారు. ఆ సర్కారు ఎవరిది?

తర్వాత ఏమైంది? రజ్వీ జైలుకెళ్లింది బీబీనగర్ దోపిడీ కేసులో; 1957లో విడుదలై పాకిస్తాన్ చేరాడు. నిజాం ప్రధాని లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచే కరాచీ ఉడాయించాడు. ఇక నిజాం ఉస్మాన్ అలీ ఖాన్? 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవి! ఏటా 50 లక్షల రాజభరణం! బైరాన్‌పల్లి వితంతువులకు ఏమిచ్చారో అడగకండి.

కిందివాళ్ల నేరాలకు పైవాణ్ని శిక్షించే చట్టం లేదనకండి. కింది సైనికుల అకృత్యాలకు జపాన్ జనరల్ యమషితను 1946 ఫిబ్రవరిలోనే మనీలా దగ్గరి లాస్ బాన్యోస్‌లో ఉరి తీశారు. ఓడిన పరాయివాడికి ఒక న్యాయం, మనకు పనికొచ్చే దొరకు ఇంకొకటి.

‘అయితే నువ్వు యూనియన్ సైన్యం వైపా’ అంటారు. కాదు. ఆ సైన్యం వచ్చాక ముస్లింలపై సాగిన హత్యాకాండలో కొన్నిచోట్ల సైనికుల, పోలీసుల చేయి ఉందని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాస్తే, ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టారు. అప్పటి మిలిటరీ గవర్నర్ చౌదరి 1962లో దేశ సైన్యాధిపతి అయ్యాడు. పైవాళ్లను వదిలేసే అలవాటు అక్కడితో పోలేదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలను జనగామ దాటాక ఆలేరు దగ్గర వ్యాన్‌లోనే కాల్చేశారు. బేడీలతోనే! సిట్ వేశారు. పై అధికారి ఒక్కడైనా బోనెక్కాడా?

వచ్చే సెప్టెంబర్ 17న జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో జెండా ఎగరేసే మంత్రులారా, రజ్వీ పేరు ఒక్కటే చదివి దిగిపోకండి. ఉస్మాన్ అలీ, లాయక్ అలీ, చౌదరి పేర్లు కూడా మైకులో చదవండి.