అమ్మీకి ఆరామ్ కాదు, తాఖత్ కావాలి

మన ఇళ్లలో అమ్మీకి యాభై దాటగానే కొత్త ఇజ్జత్ మొదలవుతుంది. నీళ్ల బకెట్ ఎత్తబోతే కొడుకు లాక్కుంటాడు. బియ్యం డబ్బా జరపబోతే బహూ వద్దంటుంది. "మీరు ఆరామ్‌గా కూర్చోండి అమ్మీ" అంటారు అందరూ. నీయత్ మంచిదే. కానీ ఈ ఖిద్మత్ వల్ల ఆమె హడ్డీలకు నుక్సానే జరుగుతోంది.

ఎముకలో పాతది కరుగుతూ, కొత్తది పేరుకుంటూ ఉంటుంది. కరిగే పనికి లగాం వేసేది ఈస్ట్రోజెన్ హార్మోన్. హైజ్ పూర్తిగా ఆగిపోయే వయసులో అది బాగా పడిపోతుంది. దాంతో మొదటి ఐదు నుంచి ఏడేళ్లలోనే కొందరు ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోగొట్టుకుంటారు. కండ కూడా తగ్గుతుంది, పొట్ట చుట్టూ చర్బీ చేరుతుంది. అందుకే కాటా మీద వజన్ మారకపోయినా లోపల తాఖత్ తగ్గిపోయి ఉండొచ్చు. "మా అమ్మీ లావుగానే ఉన్నారు, కమ్‌జోరీ ఎక్కడిది?" అనుకుంటే ధోఖా తిన్నట్టే.

నేల మీంచి లేవలేకపోయినా, నమాజ్‌కు కుర్చీ వెతుక్కున్నా, అంతా ఉమర్ ఖాతాలో రాసేస్తాం. మోకాళ్ల అరుగుదల ఉండొచ్చు, నిజమే. తొడల్లో కండ పోవడం కూడా కారణమేమో అని మాత్రం ఎవరూ అడగరు.

కండైనా ఎముకైనా బరువు పడితేనే గట్టిపడుతుంది. ఆస్ట్రేలియాలో 'లిఫ్ట్‌మోర్' అనే పరిశోధన జరిగింది. ఎముకలు పలచబడిన, 58 దాటిన 101 మంది ఆడవాళ్లు అందులో పాల్గొన్నారు. ఒక జట్టు శిక్షకుల ఎదుట వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు పెద్ద బరువులు ఎత్తింది. వాళ్ల నడుము దగ్గరి వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి కస్రత్ చేసిన జట్టుకు 1.2 శాతం తగ్గింది.

అలాగని రేపే అమ్మీ చేత బస్తా ఎత్తించకండి. ముందు డాక్టర్‌ను అడిగి డెక్సా స్కాన్ తీయించండి. టి స్కోర్ మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు. అప్పుడు మందులూ కావాలి, కస్రత్ కూడా జానకార్ ఎదుటే చేయాలి. మిగతావాళ్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో, నీళ్ల సీసాలు ఎత్తడంతో మొదలుపెట్టి మెల్లగా బరువు పెంచుకోవచ్చు.

దస్తర్‌ఖాన్ సంగతీ మాట్లాడుకోవాలి. అందరూ తిన్నాక మిగిలిన షోర్బాతో అన్నం కలుపుకునే అమ్మీకి ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? బోటీలు, గుడ్డు, పప్పు, పెరుగు ఆమె పళ్లెంలోకీ రావాలి. ఈ వయసు ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. విటమిన్ డి కోసం పర్దాకు ఇబ్బంది లేని మేడ మీదో, ఆంగన్‌లోనో రోజూ కాసేపు ఎండ తగలాలి.

తుంటి ఎముక విరిగి మంచం పట్టాక ఇల్లంతా పరుగులు పెడుతుంది, లక్షలు ఖర్చు చేస్తుంది. అందులో వారానికి రెండు అరగంటలు ఇప్పుడే ఆమెకివ్వండి. తన కాళ్ల మీద తాను లేచే అమ్మీ, ఎవరి సహారా కోసమూ ఎదురు చూడాల్సిన పని ఉండదు.