రెండు నిమిషాలు, రెండు రోజులు

ఓ రెండు నెలల కింద ఒక రాత్రి మా ఇంట్లో కండోమ్ చిరిగింది. (మా అత్తగారి వైపు వాళ్ళెవరైనా చదువుతుంటే ఇక్కడితో ఆపేయమని మనవి.) పొద్దున్నే ఆఫీసుకెళ్తూ కొండాపూర్లో ఓ మెడికల్ షాపు దగ్గర బండి ఆపి ఐ-పిల్ అడిగాను. షాపాయన ఒక్క ముక్క మాట్లాడకుండా నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడు. రెండు నిమిషాల పని.

నెల తిరక్కుండా మా ఆవిడ ఫ్రెండ్‌కీ అదే అవసరం వచ్చింది. మనలాగే కోడు రాసుకుని బతికే అమ్మాయి, హాస్టల్లో ఉంటుంది, పెళ్ళి కాలేదు. వెళ్ళింది కూడా అదే షాపుకి. "పెళ్ళయిందామ్మా?" అన్నాడట. ఇంకో షాపులో "డాక్టర్ చీటీ ఏదీ?" అన్నారు. మూడో షాపుకి వెళ్ళే ధైర్యం చాల్లేదు. రెండు రోజులు రూములో ముడుచుకుని కూర్చుని, మూడో రోజు పొద్దున మా ఆవిడకి ఫోన్ చేసి ఏడ్చింది. నేనే వెళ్ళి తెచ్చిచ్చాను. మళ్ళీ రెండు నిమిషాలే పట్టింది. ("పేరు లేకుండా రాయండి, కానీ రాయండి" అని తనే అంది.)

చీటీ అడిగినవాడికి తెలీదో, తెలిసీ అడిగాడో గానీ, మన దేశంలో 2005 నుంచీ ఈ మాత్రకి చీటీ అక్కర్లేదు. పెళ్ళి సర్టిఫికెట్ ఎప్పుడూ అక్కర్లేదు.

రెండు రోజులకే ఇంత గోలెందుకు అంటారా? ఇందులో ఉండేది లెవోనార్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. అది చేసే పని ముఖ్యంగా అండం విడుదలని వాయిదా వేయడం. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. ఆలోపు అండం రాకపోతే వాటి కథ ముగుస్తుంది. అండం వచ్చేశాక మింగితే పెద్దగా లాభం లేదు. డబ్బా మీద 72 గంటలు అని ఉంటే మనవాళ్ళు దాన్ని ప్రాజెక్టు డెడ్‌లైన్లా చదువుతారు, ఇంకా టైముందిలే అని. ఎంత ముందు వేసుకుంటే అంత మేలు. ఆ షాపువాళ్ళు తిన్నది ఆ గంటల్నే.

మొన్న లంచ్‌లో ఒక పెద్దమనిషి "అది అబార్షనే కదా" అన్నాడు. కాదు బాబూ. గర్భం నిలిచాక ఈ మాత్ర దాన్నేమీ చేయలేదు. అబార్షన్‌కి వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ వేరే మందులు, డాక్టర్ చెప్పకుండా ముట్టుకోకూడనివి. పేర్లు పెట్టేవాళ్ళ తెలివి కూడా చూడండి: అన్‌వాంటెడ్-72 అంటే ఈ మాత్ర, అన్‌వాంటెడ్ కిట్ అంటే అబార్షన్ మందు! వేరియబుల్స్‌కి ఇలా పేర్లు పెడితే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం. సిగ్గుతో గొణిగే అమ్మాయి, తొందరలో ఉన్న షాపు కుర్రాడు... మింగే ముందు పేరు చదవండి.

మగమహారాజులకి వేరే చెప్పాలి. "ఐ-పిల్ ఉందిగా" అని కండోమ్ మానేసేవాళ్ళు మన క్యూబికల్స్‌లోనే బోలెడుమంది. రెండోసారి వేసుకుంటే పిల్లలు పుట్టరన్నది ఉత్త పుకారే గానీ, ప్రతి రిలీజూ హాట్‌ఫిక్స్ మీద నడిపేవాణ్ణి ఏమంటాం? ఇది మామూలు పద్ధతులంత గట్టిది కాదు, పీరియడ్స్ అస్తవ్యస్తం చేస్తుంది, హెచ్ఐవీని ఆపదు. పైగా వాయిదా పడ్డ అండం తర్వాత రావచ్చు, కాబట్టి అదే నెలలో మళ్ళీ కలిస్తే పాత మాత్ర కాపాడదు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతైతే ఇంకోటి వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి కొన్ని మందులు వాడుతుంటే దీని పని తగ్గుతుంది, డాక్టర్ని అడగాలి. పీరియడ్ వారం దాటి ఆలస్యమైతే టెస్ట్ చేసుకోవాలి, పొత్తికడుపులో గట్టిగా నొప్పి వస్తే ఆగకుండా డాక్టర్ దగ్గరికెళ్ళాలి. ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే అన్నిటికన్నా గట్టి రక్షణ, ఆ సంగతి ఏ షాపులోనూ చెప్పరు.

ఇవి మీకు తెలిసుండాలి, ఆవిడ ఒక్కతికే కాదు. ఆ అమ్మాయి షాపులోకి వెళ్తే, వాళ్ళబ్బాయి బయట బైక్ మీద కూర్చున్నాడట, హెల్మెట్ కూడా తీయకుండా.

తనకి పీరియడ్ ఆరు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆరు రోజులూ మా ఆవిడ ఫోన్ తలగడ పక్కన పెట్టుకునే పడుకుంది. నిన్న క్రోసిన్ కోసం వెళ్ళినప్పుడు ఆ షాపాయన్నే అడిగాను, ఆడపిల్లల్ని పెళ్ళయిందా అని ఎందుకడుగుతారని.

"వాళ్ళ మంచికే కదా సార్" అన్నాడు.