కవికి దండలు... సీమకు బండలు!

"కవులకు రాజకీయాలెందుకయ్యా? పద్యం రాసుకోండి, శాలువా కప్పించుకోండి, ఇంటికి పోండి!" మన నాయకులు కవులకు చెప్పే నీతి ఇది. కవి చచ్చిపోయాక పటానికి దండ వేసేదీ వీళ్లే. ఆ కవి అడిగిన ప్రశ్నను తొక్కిపెట్టేదీ వీళ్లే.

విద్వాన్ విశ్వాన్నే తీసుకుందాం. 1915లో అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టాడు. సంస్కృతాంధ్రాలు చదివిన పండితుడు. ఆ పాండిత్యంతో జమీందార్ల కొలువు వెతుక్కోలేదు. తన ఊరివాడే అయిన తరిమెల నాగిరెడ్డితో కలిసి అనంతపురంలో నవ్య సాహిత్యమాల నడిపాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తెల్లదొరల ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది. తర్వాత ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకుడయ్యాడు. ఎంత దూరం పోయినా కరువు సీమను మరువలేదు. రంగడు, గంగమ్మ అనే పేద దంపతుల ఆకలి కథను 'పెన్నేటి పాట'గా రాశాడు.

ఆ పెన్న ఎవరిది? అనంతపురం దాటి, గండికోట లోయ చీల్చుకొని, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా పోయే మన పెన్న. ఆ కావ్యం పుస్తకంగా వచ్చిన ఏడాది ఏది? 1956! మూడేళ్ల కిందట, 1953 అక్టోబరు 1న, కర్నూలుకొచ్చిన రాజధానిని మూటగట్టి హైదరాబాదుకు తీసుకుపోయిన ఏడాది. ఒక చేత్తో కావ్యానికి చప్పట్లు, ఇంకో చేత్తో సీమ నోట్లో దుమ్ము!

1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం ఏం చెప్పింది? రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో మొదటి పెద్దపీట సీమ అవసరాలకు. కమ్యూనిస్టులు 'విశాలాంధ్ర' అన్నారు, కాంగ్రెసువాళ్లు చివరికి తలూపారు. ఆ విశాలమైన మాట కింద శ్రీబాగ్ నలిగిపోయింది. పార్టీల తీర్మానాల్లో చోటు దొరకని సీమ గోడు కవి కావ్యంలోనే మిగిలింది.

పులివెందుల గడ్డ గజ్జెల మల్లారెడ్డిని ఇచ్చింది. ఆయన కమ్యూనిస్టు కార్యకర్త, వ్యంగ్య కవి, పెద్ద పత్రికల సంపాదకుడు. ప్రొద్దుటూరు ఎం.వి. రమణారెడ్డిని ఇచ్చింది. ఆయన డాక్టరు, వకీలు, రచయిత. 1983లో తెలుగుదేశం టికెట్టుపై ప్రొద్దుటూరు ఎమ్మెల్యేగా గెలిచి, సీమ కోసం ఆ పార్టీనే వదులుకొని బయటికొచ్చాడు. 'రాయలసీమ కన్నీటిగాథ' రాశాడు. 2021లో ఆయన పోయినప్పుడు అన్ని పార్టీలవాళ్లూ నివాళులిచ్చారు. ఆ పుస్తకంలోని లెక్కలకు ఒక్కరన్నా జవాబిచ్చారా?

జవాబులకు బదులు మనకు బండలిచ్చారు. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒక శంకుస్థాపన. 2018 డిసెంబరులో మరొకటి. 2019 డిసెంబరులో ఇంకొకటి. 2023 ఫిబ్రవరిలో నాలుగోది. నాలుగో బండ నాటిన పొద్దుకు ముందు నాటిన మూడింటి నుంచి ఒక్క టన్ను ఉక్కు రాలేదు. జెండాలు మారాయి, బండ మారలేదు!

గండికోటలో దాదాపు 27 టీఎంసీలు పడతాయని గొప్పలు. ఆ నీళ్లు ఎక్కడివి? శ్రీశైలం వరద మీద ఆధారపడ్డ గాలేరు-నగరివి. నికర జలాల హక్కు లేదు. వరదొస్తే పండగ, రాకుంటే ఎండగ. పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో దేశానికి యురేనియం తవ్వుతున్నారు. మా బోరు నీళ్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

హైకోర్టు కథ చూడండి. 2019 జనవరి 1 నుంచి అది అమరావతిలో. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అని చట్టం, 2021లో ఆ చట్టం వెనక్కి. 2024 నవంబరులో కర్నూలులో బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం. పెద్దమనుషులు సంతకం పెట్టింది హైకోర్టుకు, బెంచికి కాదు!

అయితే ఒక మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి. కవి కుర్చీ ఎక్కితే చాలు న్యాయం జరుగుతుందనుకుంటే పొరపాటు. రుమేనియాలో ఆక్టేవియన్ గోగా అనే కవి ఉండేవాడు. పరాయి పాలనలో ఉన్న ట్రాన్సిల్వేనియా పల్లెల కష్టం పాడాడు, జైలుకు పోయాడు. మన శ్రీబాగ్ జరిగిన 1937 చివర్లోనే ఆ దేశానికి ప్రధాని అయ్యాడు. నెలన్నర కూడా ఏలలేదు. ఆ కాస్త రోజుల్లోనే యూదుల పౌరసత్వాన్ని ఊడబెరికే చట్టం తెచ్చాడు. తన జాతి గోడు పాడిన నోటితోనే పక్కవాడి ఉనికిని కాదన్నాడు. ఈ పాఠం మన ఉద్యమం గుర్తుంచుకోవాలి. గుంటూరు కూలీ, కృష్ణా రైతు మనకు శత్రువులు కారు. ఒప్పందాన్ని తుంగలో తొక్కిన పాలకులతోనే మన పోరు. ఆ పాలకుల్లో సీమలో పుట్టి సీమను మరిచినవాళ్లే ఎక్కువమంది!

విద్యార్థులారా! ఉద్యోగ మిత్రులారా! కవుల జయంతులు, వర్ధంతులు జరపండి. కానీ దండ వేయడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ మైకు ముందే మూడు ప్రశ్నలడగండి. గాలేరు-నగరికి నికర జలాలు చట్టం చేసి ఇప్పిస్తావా? కర్నూలుకు హైకోర్టు కావాలని నీ పార్టీ సమావేశంలో లేచి అడుగుతావా? ఇవేవీ చేతకాకపోతే ప్రత్యేక రాయలసీమకు అడ్డం రాకుండా పక్కకు తప్పుకుంటావా?

జవాబు చెప్తే దండ వేయనివ్వండి. చెప్పకపోతే ఆ దండను వెంట తీసుకుపొమ్మనండి. జమ్మలమడుగులో నాలుగు శంకుస్థాపన బండలున్నాయి, ఏదో ఒకదానికి వేసుకుంటాడు.

జై రాయలసీమ!