వామికీ వామికీ మధ్య నూరడుగులు

టెక్నాలజీ శీర్షికలో గడ్డి గోలేమిటని నవ్వుకోకండి. ఈ కథలో ఒక డేటాబేసు ఉంది, ఒక స్క్రీను ఉంది, ఆ స్క్రీను రాసిన ప్రోగ్రామరు నేనే. జరిగిన నష్టంలో నా వాటా కూడా ఉంది కాబట్టే రాస్తున్నాను.

విస్కాన్సిన్‌లో మా ఇంటి వెనకాల పొలం ఒక పాడిరైతుది. వేసవిలో గడ్డి కోసి, ఎండబెట్టి, గుండ్రటి కట్టలు కట్టి చలికాలానికి దాచుకుంటాడు. ఆ ఏడాది మూడు వాములు వేశాడు. వామికి 80 కట్టలు, కట్ట వెయ్యి పౌన్లు. అంటే మొత్తం 120 టన్నులు. టన్ను 200 డాలర్ల చొప్పున 24,000 డాలర్ల సరుకు. ట్రాక్టరు తిరగడానికి వీలుగా వామికీ వామికీ మధ్య నలభై అడుగులు వదిలాడు.

ఆగస్టులో ఒక రాత్రి పిడుగు పడింది. పడింది ఒక్క వామి మీదే. గాలి తోడై తెల్లారేసరికి మూడూ బూడిదయ్యాయి.

ఇన్సూరెన్సు ఉంది. బయట వేసిన గడ్డికి వామి ఒక్కింటికి 10,000 డాలర్ల పరిమితి. ఒక్కో వామి విలువ 8,000 డాలర్లే కదా, ఇబ్బంది లేదనుకున్నాడు. కానీ పాలసీ వెనక పేజీల్లో 'వామి' అంటే ఏమిటో ఒక నిర్వచనం ఉంది: మరో గడ్డికుప్పకు కనీసం నూరడుగుల ఖాళీ స్థలం ఎడం ఉన్నదే ఒక వామి. ఆ లెక్కన ఆయన మూడు వాములూ కలిపి ఒకటే! చేతికి వచ్చేది 10,000 డాలర్లు, అందులో మళ్ళీ డిడక్టిబుల్ కోత.

ఆయన ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "నువ్వు కంప్యూటర్లలో పనిచేస్తావు కదా, ఇక్కడ మూడు అని రాసి ఉంది. ఒకటి ఎలా అయింది?" అని అడిగాడు. ఆ కాగితం చూసి నా నోట మాట రాలేదు. ఆ కంపెనీకి కాంట్రాక్టు మీద ఆ అప్లికేషన్ రాసింది మా టీమే. 'వాముల సంఖ్య' అన్న గడి పెట్టింది నేను. అందులో అంకె తప్ప అక్షరం పడకుండా వాలిడేషన్ కూడా రాశాను. వామి అంటే ఏమిటని నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. మనకు స్టాక్ అంటే పుష్, పాప్ తప్ప గడ్డి గుర్తొస్తుందా! ఏజెంటు 3 అని కొట్టాడు, ప్రోగ్రాము 24,000 డాలర్లకు ప్రీమియం లెక్కగట్టింది. క్లెయిము దగ్గరికి వచ్చేసరికి అది 1 అయింది.

నూరడుగుల నిబంధనలో మోసం లేదు. గడ్డి మంట సెగ, ఎగిరే నిప్పురవ్వలు నలభై అడుగులను లెక్కచేయవు. అసలు సర్వరు, బ్యాకప్ సర్వరు ఒకే గదిలో పెట్టి రెండు కాపీలున్నాయని ధీమాగా ఉంటే మనం ఒప్పుకుంటామా? కృష్ణా జిల్లాలో మా తాతగారు రెండు వాములనూ దొడ్డికి ఆ చివరొకటి, ఈ చివరొకటి వేయించేవారు. "ఒకటి పోయినా ఒకటి మిగలాలిరా" అనేవారు. ఆయన ఏ పాలసీ చదివారు కనుక!

నా అభ్యంతరమల్లా ఒక్కటే. డబ్బు తీసుకునేటప్పుడు ఒక నిర్వచనం, ఇచ్చేటప్పుడు మరో నిర్వచనం ఉండకూడదు. 'వాముల మధ్య దూరం ఎంత?' అన్న ఒక్క ప్రశ్న స్క్రీను మీద ఉండి ఉంటే ఆయన మరో అరవై అడుగులు జరిపి వేసుకునేవాడు. ఖర్చు కాస్త డీజిలు.

ఇంకో సంగతి. ఇన్సూరెన్సు మంటకే గాని మగ్గడానికి కాదు. తేమ సుమారు 20 శాతం దాటిన గడ్డిని కట్టకడితే లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది. 150 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే రోజూ చూసుకోవాలి. 175 దాటితే ఫైరింజన్‌ను పిలవాలి, వాళ్ళు రాకుండా కట్టలు కదిలిస్తే లోపలికి గాలి తగిలి భగ్గుమంటుంది. మంట రాకుండా మాడి రంగు మారిన గడ్డికి మామూలుగా పరిహారం రాదు. వానకు కుళ్ళినదానికీ అంతే. అయిదడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి కట్టకు చుట్టూ ఆరంగుళాల పొర కుళ్ళితే ఎంత పోతుందో లెక్కవేయండి: 36 శాతం! కాబట్టి మొదట పొడుగాటి థర్మామీటరు, టార్పాలిను, ఆ తరువాతే పాలసీ. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం ఎవరికీ మంచిది కాదు.

మన ఊళ్ళలో ఈ మాత్రం కూడా లేదు. కేంద్రం 2016లో తెచ్చిన ఫసల్ బీమా పథకంలో కోసి చేలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు తుఫాను, అకాల వర్షాల నుంచి రక్షణ ఉంది గాని, గేదెల కోసం దొడ్లో వేసుకున్న గడ్డివామి మాట అందులో లేదు. ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు వామి కరెంటు తీగల కింద ఉందేమో, పాకకు ఆనుకుని ఉందేమో అడగండి.

మా పొరుగాయన ఆ చలికాలం గడ్డి కొనలేక పది ఆవుల్ని అమ్ముకున్నాడు. నేను ఆ కంపెనీకి ఉత్తరం రాసి, స్క్రీనులో ఏ ప్రశ్న చేర్చాలో వివరించాను. జవాబు ఇంకా రాలేదు. ఇన్సూరెన్సు ప్రాజెక్టుల్లో ఉన్న మనవాళ్ళు ఎందరో ఉన్నారు. రేపు ఆఫీసుకు వెళ్ళి మీ స్క్రీను మీద ఉన్న ప్రతి గడికీ పాలసీలో అర్థమేమిటో ఒక్కసారి అడగండి. అడిగితే పోయేదేమీ లేదు. నేను అడగనందుకు పది ఆవులు పోయాయి.