బస్తర్: గడువు తీరితే యుద్ధం ముగిసినట్టేనా?

2026 మార్చి 31 నాటికి దేశంలో మావోయిస్టు ఉద్యమం ఉండదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2024 ఆగస్టులో రాయపూర్‌లో ప్రకటించారు. ఆ గడువు దగ్గరపడేకొద్దీ పరిణామాలు వేగం పుంజుకున్నాయి. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు 2025 మే 21న అబూజ్‌మడ్‌లో భద్రతా బలగాల కాల్పుల్లో చనిపోయారు. అక్టోబర్‌లో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో, తక్కళ్లపల్లి వాసుదేవరావు జగదల్‌పూర్‌లో వందలాది మంది అనుచరుల సమేతంగా ఆయుధాలు అప్పగించారు. నవంబర్ 18న మడావి హిడ్మా మారేడుమిల్లి అడవుల్లో హతమయ్యాడు.

తెలుగు పత్రికల్లో, టీవీ చర్చల్లో ఇదంతా నాయకుల కథగానే నడిచింది. ఎవరు చనిపోయారు, ఎవరు లొంగిపోయారు, ఇంకా ఎవరు మిగిలారు అన్న లెక్కే ప్రధానమైంది. ఇందులో చాలామంది తెలుగువాళ్లు కాబట్టి ఆ ఆసక్తి సహజమే. అయితే ఆ లెక్కలో కనిపించనివాళ్లు ఈ యుద్ధంలో అందరికంటే ఎక్కువ నష్టపోయారు. వాళ్లలో వేలమంది ఇప్పుడు మన మధ్యే, గోదావరి పరీవాహక అడవుల్లో బతుకుతున్నారు.

తుపాకీ రాకముందు

బస్తర్‌లో ఘర్షణ మావోయిస్టులతో మొదలుకాలేదు. అడవిలో అధిక భాగాన్ని రిజర్వు చేయాలన్న బ్రిటిష్ పాలకుల నిర్ణయానికీ, వెట్టిచాకిరీకీ వ్యతిరేకంగా 1910లో ఆదివాసీలు భూంకాల్ తిరుగుబాటు చేశారు. ఆ ప్రాంతం నేటికీ గుండాధుర్‌ను దాని నాయకుడిగా తలచుకుంటుంది. స్వాతంత్ర్యం వచ్చాకా అనుమానం తొలగలేదు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో మాజీ రాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్, ఆయనతో ఉన్న పలువురు ఆదివాసీలు మరణించారు.

అదే కాలంలో బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం ప్రపంచ మార్కెట్‌తో ముడిపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న జపాన్ ఉక్కు పరిశ్రమను తిరిగి నిలబెట్టుకుంటోంది. దానికి ఖనిజం కావాలి. 1958లో ఏర్పడిన ఎన్‌ఎండీసీ గనులు తెరిచింది. సరుకును విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం పడింది. అరకు వెళ్లే పర్యాటకులు ఇష్టంగా ఎక్కేది ఈ దారి మీద నడిచే రైలే. ఖనిజం కిందికి దిగింది గానీ, కొండ కింది ఊళ్లకు బడి, ఆసుపత్రి, పట్టా మాత్రం ఆ వేగంతో పైకి ఎక్కలేదు.

తెలుగు నేల నుంచి దండకారణ్యానికి

1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ ఏర్పడింది. ఆ ఏడాదే దళాలు గోదావరి దాటాయి. తునికాకు కట్ట ధర, వెదురు నరికే కూలి, ఫారెస్టు గార్డుల మామూళ్లు వంటి రోజువారీ సమస్యలే వాళ్లకు అక్కడ చోటిచ్చాయి. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో గ్రేహౌండ్స్ ఒత్తిడి పెరిగేకొద్దీ దండకారణ్యం ఆ పార్టీకి ప్రధాన స్థావరమైంది.

2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో శాంతి చర్చలు జరిగాయి. మాజీ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలోని పౌరస్పందన వేదిక ఏళ్ల తరబడి చేసిన కృషి దాని వెనుక ఉంది. భూమి సమస్య ఆ బల్ల మీదికి వచ్చింది. 2005 జనవరికల్లా అవి విఫలమయ్యాయి. ఆ ఏడాది జూన్‌లోనే బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది.

ఊళ్లు ఖాళీ అయిన ఏళ్లు

కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ ముందుండగా, బీజేపీ ప్రభుత్వం అండగా నిలిచిన సల్వాజుడుం ఆదివాసీ సమాజాన్ని నిలువునా చీల్చింది. ఇళ్లు తగలబడ్డాయి. సుమారు 50 వేల మంది రోడ్డు పక్క శిబిరాలకు చేరారు. అప్పటి దంతెవాడ జిల్లాలో 644 గ్రామాలు ఖాళీ అయ్యాయన్నది తరచూ వినిపించే లెక్క. శిబిరానికి వెళ్తే మావోయిస్టులకు శత్రువు, ఊళ్లో ఉంటే ప్రభుత్వానికి శత్రువు. 2006 జూలైలో ఎర్రబోర్ శిబిరంపై మావోయిస్టుల దాడిలో 30 మందికి పైగా చనిపోయారు. ఇన్‌ఫార్మర్ల పేరుతో జరిగిన హత్యలు, బడి భవనాల పేల్చివేతలు ఆ పార్టీ ఖాతాలో చెరగని మచ్చలు.

2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లు చనిపోయారు. 2012 జూన్‌లో సర్కెగూడలో 17 మంది కాల్పులకు బలయ్యారు. వాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారాలు లేవని న్యాయవిచారణ కమిషన్ 2019లో తేల్చింది. 2013 మే 25న జీరంఘాటీలో మహేంద్ర కర్మ సహా కాంగ్రెస్ నేతలను మావోయిస్టులు చంపారు.

ఈ మధ్యలోనే 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా యుద్ధంలోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం చెప్పింది. 2025లో సుదర్శన్‌రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీచేసినప్పుడు, ఆ తీర్పు లేకుంటే నక్సలిజం 2020 నాటికే ముగిసేదని అమిత్ షా విమర్శించారు. వాస్తవానికి తీర్పు వచ్చిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ కొత్త చట్టం చేసి ఆ యువకులను సహాయక సాయుధ దళంలోకి తీసుకుంది. ఇవాళ ముందువరసలో పోరాడుతున్న డీఆర్‌జీలో ఉన్నది కూడా స్థానిక యువకులు, లొంగిపోయిన మావోయిస్టులే. రెండు వైపులా తుపాకీ పట్టిన చేయి చాలావరకు ఆదివాసీదే.

ఇవతలి గట్టున

2005 తర్వాత ప్రాణభయంతో పారిపోయి వచ్చిన మురియా కుటుంబాలు ఖమ్మం, వరంగల్, తూర్పుగోదావరి అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. మనం వీళ్లను గుత్తికోయలంటున్నాం. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగకు చెందిన వీళ్లకు ఇక్కడ ఆ గుర్తింపు దక్కడంలేదు. పోడు కొట్టుకున్న భూమికి పట్టా రాదు. అటవీశాఖ గుడిసెలు కూల్చిన సందర్భాలు ఎన్నో. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదంలో ఒక ఫారెస్టు రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. ఆ నేరానికి సమర్థన లేదు. కానీ ఆ కోపం మొత్తం గుత్తికోయల మీదికి మళ్లి, వాళ్లను వెళ్లగొట్టాలన్న డిమాండ్ వరకు వెళ్లింది. ఎక్కడికి వెళ్లగొట్టాలన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

జవాబు చట్టంలో కొంత ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(1)(ఎం) ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు అక్రమంగా నిర్వాసితులైన ఆదివాసీలకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం పొందే హక్కు ఉంది. సల్వాజుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. అంటే తొలి ఆరు నెలల్లో ఊరు వదిలినవాళ్లకు చట్టబద్ధమైన దారి ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు లేదు. వాళ్ల కోసం కేంద్రం, మూడు రాష్ట్రాలు కలిసి ప్రత్యేక పథకం రూపొందించాలి. తిరిగి వెళ్లాలనుకునేవారికి భూమి, ఇక్కడే ఉండాలనుకునేవారికి గుర్తింపు ఇవ్వాలి.

ఓటమి వేరు, పరిష్కారం వేరు

కొలంబియాలో ప్రభుత్వానికీ ఫార్క్ గెరిల్లాలకూ 2016లో కుదిరిన ఒప్పందంలో మొదటి అంశం గ్రామీణ భూసంస్కరణ. అమలు నత్తనడకన సాగినా, యుద్ధానికి మూలం ఎక్కడుందో ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. శ్రీలంక 2009లో సైనికంగా గెలిచింది. తమిళుల రాజకీయ ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది. 2025లో మావోయిస్టులు చర్చలకు సిద్ధమన్నప్పుడు కేంద్రం ఒప్పుకోలేదు కాబట్టి, బస్తర్ రెండో దారిలోనే వెళ్తోంది.

ఒప్పందం లేకపోయినా హామీలు నిలబెట్టుకోవచ్చు. అయిదో షెడ్యూల్, 1996 నాటి పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం మావోయిస్టుల డిమాండ్లు కావు, ఈ దేశపు చట్టాలు. 2019 జూన్‌లో బైలదిల్లాలోని 13వ నంబర్ నిక్షేపం తవ్వకానికి వ్యతిరేకంగా వేలమంది ఆదివాసీలు కిరండూల్‌లో బైఠాయించారు. నకిలీ గ్రామసభతో సమ్మతి సృష్టించారన్నది వాళ్ల ఆరోపణ. తుపాకీ పట్టకుండా, చట్టాన్ని చూపించి అడిగిన ప్రశ్న అది. రేపు మావోయిస్టులు లేని బస్తర్‌లో కొత్త గనికి గ్రామసభ కాదంటే, ఆ మాటను ప్రభుత్వం వింటుందా? 1910 నాటి ప్రశ్న అదే. మార్చి 31 గడువు దానికి జవాబు చెప్పదు.